పుర్రచేతి గిటారు

మా ఇంటికీ గురునాథరావు ఇంటికీ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. అదీ ఒంటి ఇటుక గోడ. వాళ్ళింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములొస్తాయి. కంచరపాలెంలో ఇదేమీ వింత కాదు గానీ, యాభై దాటిన మనిషి గిటారు నేర్చుకోవడం మొదలుపెడితే ఆ గోడ ఎంత పల్చనిదో బాగా తెలిసొస్తుంది. నేను పోర్టులో పనిచేసి రిటైరైన వాణ్ణి. పగలంతా ఇంటిపట్టునే ఉంటాను. అంచేత గురునాథరావు సంగీతానికి మొదటి శ్రోతనీ నేనే, మొదటి బాధితుణ్ణీ నేనే. ఈ సంగతి చెప్పే హక్కు నాకు కాక ఇంకెవరికుంది?

వాళ్ళది విజయనగరం అవతల పల్లెటూరు. తండ్రి పొలం పని వదిలి రైల్వేలో చేరి ఇక్కడికొచ్చాడు. ఆయన పోయి చాలాకాలమైంది. మాది గోదావరి జిల్లా. మాకూ వాళ్ళకీ ఏ చుట్టరికమూ లేకపోయినా గురునాథరావు మొదటిరోజు నుంచీ నన్ను ‘బావా’ అనే పిలిచాడు. నాకూ అదే అలవాటైంది.

అతను స్టీలు ప్లాంటులో క్రేను ఆపరేటరు. పైన క్యాబిన్లో కూర్చుని, కింద ఉన్నవాడు చెయ్యి ఊపేదాకా తను వేలు కదపని ఉద్యోగం. ఆ నిదానం ఇంటికి కూడా తెచ్చుకుంటాడు. కూర ఎలా ఉందని భార్య కుసుమకుమారి అడిగితే ఆలోచించి చెబుతాడు. అతను చెప్పేసరికి ఆవిడ గిన్నెలు కూడా కడిగేసి ఉంటుంది.

తమ్ముడు దేవీప్రసాద్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. పగలు రైల్వే గేటు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. సాయంత్రమైతే వాసు అనే అతని ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకురా అని అడిగితే, “ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ నానే వాయించాల. నా పెళ్ళికి ఎవుడు వాయిత్తాడు బావా?” అని నవ్వేసేవాడు. అన్న ఇంట్లోనే, తల్లి కాశమ్మ గారి చేతి వంట తింటూ హాయిగా ఉండేవాడు. వాయించి వచ్చాక గిటారుని మా ఉమ్మడి గోడకి అటువైపున్న మేకుకి తగిలించేవాడు. గూడ్సు బండి వెళ్తే గోడ అదిరేది. ఆ అదురుకి గిటారు తీగలు తమంతట తామే సన్నగా మోగేవి. ఇటు నా మంచం దాకా వినపడేది.

కిందటేడు శ్రావణమాసం పెళ్ళిళ్ళప్పుడు ఒకరోజు ఛాతీలో నొప్పన్నాడు. ఆటో ఎక్కించాం. ఆస్పత్రి గేటు దాకా కూడా నిలవలేదు.

పెద్దకర్మ నాడు అతనికి ఇష్టమైనవన్నీ వండి ఆకు వేశారు. కుడిచేత్తో తినేవాళ్ళకి మంచినీళ్ళ గ్లాసు ఎడమ పక్కన పెడతాం కదా, ఎంగిలి చెయ్యి తగలకుండా. మేనమామ తిరుమలరావు గారు అలాగే పెట్టారు. కాశమ్మ గారు వంగి ఆ గ్లాసు తీసి కుడిపక్కన పెట్టింది. పాపం ముసలావిడ దుఃఖంలో ఉందనుకుని ఆయన మళ్ళీ ఎడమకి జరిపారు. ఆవిడ మళ్ళీ కుడికి మార్చి, ఈసారి గ్లాసు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. తిరుమలరావు గారు వెనక్కి తగ్గారు.

ఆ తర్వాత పెరట్లో నిలబడి గురునాథరావు నాకు చెప్పాడు.

“ఆడిది పుర్రసెయ్యి బావా. సిన్నప్పుడు అన్నీ ఎడం సేత్తోనే. మా నాన్నకి అది పడదు. ఎడం సేత్తో ముద్ద ఎత్తితే ఈపు సిట్లగొట్టీసేవోడు. నాన్న డ్యూటీకెల్తే మాత్రం మాయమ్మ ఆణ్ణి ఆడి సేత్తోనే తిననిచ్చీది. తను ఎల్లి గుమ్మంలో కూకునీది, నాన్న వత్తన్నాడేమో సూత్తా. సైకిల్ బెల్లు ఇనపడితే ‘సెయ్యి మార్సు’ అనీది. అంతే, మావోడు సటుక్కున సెయ్యి మార్సీసి బుద్ధిమంతుడిలాగ కూకునీవోడు.”

చెబుతూ నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

గొడవ మర్నాడు మొదలైంది. పోయినవాడి బట్టలూ చెప్పులూ ఎవరెవరికో ఇచ్చేశారు. గిటారు మిగిలింది. వాసుకి ఇచ్చెయ్యమంది కాశమ్మ గారు.

“పోనోడి వస్తువు గోడకి ఏలాడకూడదు. దానికోసం ఆడు ఎనక్కి తిరిగి సూత్తాడు” అంది.

అసలు కారణం అది కాదని గోడకి ఇటువైపున్న నాకు తెలుసు. గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా ఆ గిటారు మోగుతోంది. మోగినప్పుడల్లా ఆవిడ ఏడుపు వినపడుతోంది. ఆ శబ్దం ఆవిడ భరించలేకపోతోంది.

గురునాథరావు మామూలుగా తల్లి మాటకి ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ రోజు మాత్రం ఆలోచించకుండానే అనేశాడు. “నాను నేర్సుకుంతానమ్మా. నాను వాయిత్తే ఇంక అది పోనోడిది కాదు, నాది. అప్పుడు ఉంచుకోవచ్చు కదా?”

ఆవిడ కొడుకుని ఎగాదిగా చూసింది. “నువ్వా?”

“ఏడాది టైమియ్యి. సమత్సరీకం నాటికి ఒక పాట పూర్తిగా వాయించకపోతే నానే తీసుకెల్లి వాసుకి ఇచ్చీత్తాను.”

ఆ మాటకి ఇద్దరూ ఒప్పుకున్నారు. నాకైతే ఆ క్షణమే గిటారు వాసు చేతుల్లో కనిపించింది. తాళం వెయ్యమంటే ట్రంకుపెట్టెకి వేసొచ్చే మనిషి మా గురునాథరావు.

మొదట సెల్‌ఫోన్లో పాఠాలు చూస్తూ మొదలుపెట్టాడు. షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, ఫోనుని బియ్యం డబ్బాకి ఆనించి కూర్చునేవాడు. ఫోనులో కుర్రాడు మీటితే వాన చినుకుల్లా వినపడేది. ఆ వెంటనే మావాడు మీటితే రేకుల షెడ్డు కూలినట్టుండేది. కొన్నాళ్ళకి చెవుల్లో దూది పెట్టుకున్నాను. మా ఆవిడ పూజ వేళలే మార్చుకుంది.

ఈలోగా ఇంకో ఘనకార్యం చేశాడు. మన ఊరి సముద్రగాలికి ఇనుపవస్తువు ఏదీ నిలవదు. తీగలకి తుప్పు మచ్చలొచ్చాయి. తుప్పంటే స్టీలు ప్లాంటు మనిషికి ఊరుకోబుద్ధేస్తుందా? ఇంట్లో గేటు బందులకి వేసే గ్రీజు తెచ్చి తీగలన్నిటికీ దట్టంగా పట్టించాడు. ఆ సాయంత్రం గిటారు అసలు మోగనే లేదు. చేతులూ చొక్కా నల్లగా చేసుకుని మా గుమ్మంలో నిలబడి, “బావా, కిరసనాయిలున్నాదేటి?” అని అడిగాడు. అంత దుఃఖంలోనూ కుసుమకుమారి పడీపడీ నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని అప్పటికి చాలా రోజులైంది.

అలా శీతాకాలం వచ్చేసింది. ఒక్క పాట మొదటి ముక్క కూడా పాటలా వినిపించలేదు. అతనికి దిగులు పట్టుకుంది.

“నా సేతిలో సంగీతం నేదు బావా. అంతా ఆడే పట్టుకుపోయాడు” అన్నాడు.

“ఫోను చూసి ఈతే రాదు, గిటారేం వస్తుంది? మనిషి దగ్గరికెళ్ళు” అని కసిరాను. నా చెవుల కోసం కూడా అన్నాననుకోండి.

మద్దిలపాలెం బస్ డిపో దగ్గర మేడ మీద గిటారు క్లాసుంది. నేర్పేది శ్రీసత్య అనే అమ్మాయి, అతని మేనకోడళ్ళ ఈడుది. మొదటిరోజు ఒక్కడూ వెళ్ళడానికి మొహమాటపడితే నేనూ తోడు వెళ్ళాను. స్కూలు పిల్లలందరూ చాప మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్య ఇతను మోకాళ్ళు మడవడానికి అవస్థపడుతూ కూర్చున్నాడు. ఆ అమ్మాయి గిటారు వైపు ఒక్కసారి చూసి ఆగిపోయింది.

“అంకుల్, ఇది ఎవరిది?”

“మా తమ్ముడిది మేడమ్.”

“ఆయన లెఫ్ట్ హ్యాండా? తీగలన్నీ తిరగేసి కట్టుకున్నారు. పైన ఉండాల్సిన లావు తీగ మీరు పట్టుకుంటే కిందకొచ్చింది. మీరు ఇన్నాళ్ళూ కుడిచేత్తో దీన్నే వాయించారా?”

గురునాథరావు నోరు తెరిచి నావైపు చూశాడు. తమ్ముడు గిటారుని అటుపక్కకి తిప్పి పట్టుకునేవాడని అతనికి తెలుసు. చెంబుని ఏ చేత్తో ఎత్తినా చెంబే అయినట్టు, గిటారు కూడా అంతే అనుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను.

“ఏం ఫర్వాలేదు. తీగలు మార్చి కట్టేస్తే రైట్ హ్యాండ్‌ది అయిపోతుంది. ఇప్పుడే చేసిస్తాను. మీ వేళ్ళ మీద కాయలు చూస్తే సాధన బాగానే చేసినట్టున్నారు, రెండు నెలల్లో పాట వచ్చేస్తుంది” అంది శ్రీసత్య.

నాకు ప్రాణం లేచొచ్చింది. సంవత్సరీకానికి ఇంకా వ్యవధి ఉంది. గిటారు దక్కినట్టే. ఆ అమ్మాయి తీగ విప్పడానికి చెయ్యి చాపింది. గురునాథరావు గిటారుని వెనక్కి లాక్కున్నాడు.

“మార్సకపోతే?”

“మార్చకపోతే మీరు ఎడంచేత్తో నేర్చుకోవాలి అంకుల్. మళ్ళీ మొదటికొస్తుంది. మీ చేతికి అది అలవాటు లేదు. ఏడాది పట్టినా పట్టొచ్చు.”

అతను తన పద్ధతిలో చాలాసేపు ఆలోచించాడు. పిల్లలు వాయించడం ఆపి చూస్తున్నారు.

“ఎడం సేత్తోనే నేర్పీండి మేడమ్” అన్నాడు.

మెట్లు దిగుతుంటే నేను ఊరుకోలేదు. “నీకు మతిపోయిందా బావా? మీ అమ్మ చెప్పిన గడువు మర్చిపోయావా? తీగలు మారిస్తే గిటారు ఇంట్లో ఉంటుంది. మార్చకపోతే పోతుంది. ఏది కావాలి నీకు?”

డిపో గోడ పక్కన ఆగాడు. “ఆడు తిండి సెయ్యి మార్సుకున్నాడు. రాత సెయ్యి మార్సుకున్నాడు. మా నాన్న కోసం, మా కోసం అన్నీ మార్సుకున్నాడు బావా. ఈ ఒక్కదానికే మార్సుకోనేదు. దీన్ని కూడా నాను తిరగేసీసి గోడకి తగిలిత్తే, అక్కడ ఏలాడేది ఆడిదెలాగవుతాది?”

నాకు చాలా కోపమొచ్చింది. బస్సులో అతని పక్కన సీటు ఖాళీగా ఉన్నా వెళ్ళి ముందు కూర్చున్నాను.

ఆ తర్వాత గోడకి అటువైపు నుంచి రేకుల షెడ్డు మళ్ళీ మొదటి నుంచి కూలడం మొదలైంది. శ్రీసత్య అతన్ని తనకి ఎదురుగా కూర్చోబెట్టుకునేది. పక్క పిల్లలు ఆమె చేతిని చూసి మనసులో తిరగేసుకోవాలి. ఇతనికి మాత్రం అద్దంలో చూసినట్టే ఉంటుంది. ఆ ఒక్క సుళువు తప్ప మిగిలినదంతా కష్టమే. ఎడంచెయ్యి మాట వినదు. దానికి పని అలవాటు చెయ్యాలని అన్నీ దానితోనే చెయ్యడం మొదలుపెట్టాడు. పళ్ళు తోముకోవడం, తాళం తియ్యడం, టీ తిరగెయ్యడం.

దాంతో ఊరంతటితో తంటా వచ్చింది. బస్సులో ఎడంచేత్తో డబ్బులిస్తే కండక్టరు, “పొద్దున్నే పుర్రసేత్తో ఇత్తావేటి మాస్టారూ?” అని మొహం మీదే అనేశాడు. కిరాణా కొట్టు ఆవిడ చిల్లర కౌంటరు మీద పడేసి, చేతికి ఇవ్వనంది. గుళ్ళో పూజారి గారు తీర్థం పొయ్యకుండా అలాగే నిలబడిపోయారు. ప్రతిచోటా ఇతను చటుక్కున చెయ్యి మార్చుకుని క్షమించమనేవాడు. ఒకరోజు మా అరుగు మీద కూర్చుని తన ఎడంచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

“నాకు ఈ నాలుగు రోజులకే సిగ్గేసి సచ్చిపోతన్నాను బావా. ఆడు పుట్టినకాణ్ణుంచీ ఈ మాటలు పడ్డాడు. ఒక్కరోజు నాతో అన్నేదు. నాను అడగనేదు. నవ్వుతున్నాడు కదా, బాగానే ఉన్నాడనుకున్నాను.”

తమ్ముడు పోయినప్పుడు కూడా అతను అంతలా ఏడవలేదు. నేను భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను. అతని మీద ఇన్నాళ్ళూ ఉన్న కోపం అప్పుడే పోయింది.

వేసవిలో ఒక ఉదయం ఇంకో సంగతి జరిగింది. పేపరు ఇద్దామని వాళ్ళింటికెళ్ళాను. గురునాథరావు నేల మీద కూర్చుని ఎడంచేత్తో స్పూను పట్టుకుని ఉప్మా తింటున్నాడు. కాశమ్మ గారు అటు తిరిగి కూర తరుగుతోంది. వీధిలో ఎవరిదో సైకిల్ బెల్లు మోగింది. ఆవిడ తల కూడా తిప్పకుండా, “సెయ్యి మార్సు” అంది.

అని, కత్తిపీట మీద చెయ్యి అలాగే ఆపేసింది. గురునాథరావు స్పూను ప్లేటులో పెట్టేశాడు. ఆవిడ లేచి వచ్చి కొడుకు ఎడంచెయ్యి పట్టుకుని చూసి, వదిలేసింది.

“సమత్సరీకం దాకా ఎందుకు, ఇయ్యాలే వాసుని పిలిసి ఇచ్చీ. నువ్వలగ కూకుంటే నాను సూడనేనురా” అంది.

“మాటిచ్చావు కదమ్మా. నా గడువు ఇంకా ఉన్నాది” అన్నాడు గురునాథరావు. ఆవిడ వెళ్ళి మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది. ఆ రోజు నుంచీ అతను గిటారు తీస్తే మాత్రం లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది.

సంవత్సరీకం రానే వచ్చింది. ఆకు వేశారు. గ్లాసు ఈసారి కాశమ్మ గారే తెచ్చి కుడిపక్కన పెట్టింది. భోజనాలయ్యాక వరండాలో చాపలు పరిచారు. తిరుమలరావు గారు కుర్చీలో కూర్చున్నారు. శ్రీసత్య వచ్చింది. వాసు కూడా వచ్చాడు. అతని ఒళ్ళో మడతపెట్టిన ఖాళీ గిటారు కవరుంది. కాశమ్మ గారే తెమ్మందట. ఇబ్బందిగా దాన్ని కాళ్ళకింద దాచడానికి చూస్తున్నాడు గానీ, అది దాగే వస్తువు కాదు.

గురునాథరావు గిటారు తీసుకుని కూర్చున్నాడు. కాశమ్మ గారు ఈసారి పెరట్లోకి వెళ్ళలేదు. గోడకి ఆనుకుని కూర్చుంది.

దేవీప్రసాద్ ప్రతి పెళ్ళిలోనూ ముందుగా వాయించే పాత పాట అది. మా వీధిలో అందరికీ వచ్చు. మొదటి చరణం ఎడంచేత్తో నెమ్మదిగా మీటాడు. తడబడినా పాట పాటలాగే ఉంది. గోడకి మా వైపు నుంచి ఇన్నాళ్ళూ విన్నవాణ్ణి, అది ఎంత దూరం వచ్చిందో నాకు తెలుసు. నాకు కళ్ళు చెమర్చాయి. శ్రీసత్య ఒళ్ళో తన వేళ్ళు కదుపుతోంది.

రెండో చరణంలో వేళ్ళు పట్టు మార్చే చోట ఆగిపోయాడు. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అక్కడే ఆగిపోయాడు. చెమట గిటారు మీద పడుతోంది. మూడోసారి తీగ కర్ణకఠోరంగా కిర్రుమంది. వాసు తల దించుకున్నాడు. పాట పూర్తిగా రావాలన్నది ఒప్పందం. అది అందరికీ తెలుసు.

తిరుమలరావు గారికి జాలేసింది. మంచిగానే అన్నారు. “ఆ పుర్రసేత్తో ఏటొత్తాది నాయినా? సెయ్యి మార్సు.”

గురునాథరావు గిటారు మీంచి చెయ్యి తీసేశాడు.

కాశమ్మ గారు లేచింది. అందరం ఆవిడ కవరు కోసం వాసు దగ్గరికి వెళ్తుందనుకున్నాం. ఆవిడ వాసుని దాటుకుని, తిరుమలరావు గారి కుర్చీని దాటుకుని, వీధి గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ మోకాలి మీద చెయ్యి ఆనించి నెమ్మదిగా చతికిలబడింది. వీధి వైపు తిరిగి, అటూ ఇటూ చూసింది.

“సెయ్యి మార్సకురా” అంది, వెనక్కి తిరక్కుండానే. “మీ నాన్న రాడు. నాను సూత్తన్నాను కదా. వాయించు.”

గురునాథరావు కాసేపు తల్లి వీపు వైపు చూశాడు. తర్వాత మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ చోటు మళ్ళీ వచ్చింది. మళ్ళీ తప్పు పడింది. ఈసారి ఆగలేదు. తప్పు తప్పుగానే వాయించుకుంటూ చివరిదాకా వెళ్ళాడు. పాట అయ్యేదాకా కాశమ్మ గారు వీధిలోకే చూస్తూ కాపలా కూర్చుంది. ఆవిడ భుజాలు కదలడం మాకు కనపడుతూనే ఉంది.

పాటయ్యాక కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. లోపలికి వెళ్తూ వాసు దగ్గర ఆగి, “ఆ సంచీ ఇక్కడే ఇచ్చీసి ఎల్లు బాబూ, దుమ్ము పడతాది” అంది. తర్వాత కొడుకు వైపు చూడకుండా గోడకి ఉన్న మేకు చూపించింది.

“అక్కడ తగిలించు. బండొచ్చే వేళయినాది.”